తప్పినవాడా? తప్పిపోయి యున్నవాడా?

ధ్యాన భాగము: లూకా సువార్త 15వ అధ్యాయము, 11 నుండి 32 వరకు



ఇది పరీక్షా ఫలితములు వచ్చు కాలము. మన సంఘములో పదవ తరగతి వ్రాసిన పిల్లలున్నారు, ఇంటర్మీడియట్ వ్రాసిన పిల్లలున్నారు. ప్రతి యింటను పైకి చెప్పని ఒక భయమున్నది. ఇట్టి సమయమున తప్పిపోయిన కుమారుని ఉపమానమును మరల మీ యెదుట ఉంచుచున్నాను. ఇది మీరు చిన్ననాటినుండి విన్నదే; నేనును అనేక పర్యాయములు బోధించినదే. అయితే దానిలో నాకు కనబడని యొక సంగతిని మన సంఘపు కుమారుడొకడు స్పెయిను దేశమునుండి నాకు నేర్పెను. అతని యనుమతితోను, అతని తండ్రి యనుమతితోను దీనిని వ్రాయుచున్నాను. పేరు వ్రాయను. మన గ్రామస్థులకు తెలియును, ఇతరులకు అక్కరలేదు.

దూరదేశము

2021లో మన మిర్చి తోటలకు నల్ల తామర పురుగు పట్టి పూతంతయు రాలిపోయిన సంగతి మీరు మరచియుండరు. ఆ మరుసటి యేడే, అనగా 2022 సెప్టెంబరులో, ఈ బిడ్డ పైచదువునకు బయలుదేరెను. హైదరాబాదులో డిగ్రీ చదువుచునే స్పానిష్ భాష నేర్చుకొనెను. తండ్రి నూటికి రెండు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చెను. బయలుదేరక ముందటి ఆదివారము నేనతనిని బలిపీఠము నొద్ద నిలువబెట్టి, యోసేపును గూర్చియు దానియేలును గూర్చియు ప్రసంగించితిని. "ఈ బిడ్డ మన గ్రామమునకు పేరు తెచ్చును" అని పలికితిని. అందరు ఆమేన్ అనిరి. ఆ మాట జ్ఞాపకముంచుకొనుడి. దాని సంగతి తరువాత చెప్పెదను.

అతడు చేరిన పట్టణము సలమాంకా. అది మాడ్రిడ్ నగరమునకు పడమటగా సుమారు 200 కిలోమీటర్ల దూరమున, తోర్మెస్ నది యొడ్డున నున్నది. అక్కడి విశ్వవిద్యాలయము 1218లో స్థాపింపబడినది. స్పెయినులో అంతకంటె పాతది మరియొకటి లేదు. పట్టణములోని పాత కట్టడములన్నియు పసుపుపచ్చని యొకే రాతితో కట్టబడి, సాయంకాలపు ఎండలో బంగారము వలె మెరయుననియు, నదిమీద రోమీయుల కాలపు వంతెన నేటికిని నిలిచియున్నదనియు వ్రాసెను. విశ్వవిద్యాలయపు ముఖద్వారము మీది శిల్పములలో ఒక పుఱ్ఱె మీద చిన్న కప్ప చెక్కబడి యున్నదట. ఎవరి సహాయము లేకుండ ఆ కప్పను కనుగొన్న విద్యార్థి పరీక్షలో కృతార్థుడగునని అక్కడివారు చెప్పుకొందురు. మనవాడు రెండవనాడే దానిని కనుగొని నాకు ఫొటో పంపెను. కప్ప కనబడెను గాని, పాపము, మార్కులు కనబడలేదు.

పాఠములన్నియు స్పానిష్ భాషలోనే. ఇక్కడ పుస్తకములో నేర్చిన భాష వేరు, అక్కడ ఉపాధ్యాయుని నోట వడిగా ప్రవహించు భాష వేరు. మనము భోజనము చేసి కునుకు తీయు వేళకు వారింకను మధ్యాహ్న భోజనమునకు కూర్చుండరు. రెండు, మూడు గంటలకు తిందురు. రాత్రి భోజనము తొమ్మిది, పది గంటలకు. శీతకాలమున రాత్రులు గడ్డకట్టు చలి. ఒకనాడు తరగతిలో తప్పుగా మాటలాడి, "నాకు సిగ్గుగా నున్నది" అని చెప్పబోయి, ఇంగ్లీషు మాటను పోలిన స్పానిష్ మాట నొకటి వాడెను. ఆ మాటకు అక్కడ "గర్భవతి" అని యర్థమట! తరగతియంతయు నవ్వెను. అతడును నవ్వెను. కాని గదికి వచ్చి యేడ్చెనని తరువాత తెలిసెను.

ప్రభుత్వమువారు అతని వ్రేలిముద్రలు తీసికొని ఒక గుర్తింపు కార్డు ఇచ్చిరి. దాని పేరులోనే "పరదేశి" అను మాట యున్నది. "అయ్యగారూ, ఈ మాట జేబులో పెట్టుకొని తిరుగుచున్నాను" అని వ్రాసెను. నేను ఎఫెసీయులకు వ్రాసిన పత్రిక 2వ అధ్యాయము చదువుమని జవాబిచ్చి, నా పని తీరినదనుకొంటిని.

రాత్రి రెండు గంటల సందేశము

2023 జనవరిలో పరీక్షలు జరిగెను. అక్కడ పదికి మార్కులు వేయుదురు. అయిదు వచ్చినచో కృతార్థుడు. మనవాడు మూడు విషయములలో తప్పెను. తండ్రి ఫోను చేసినప్పుడెల్ల "బాగానే వ్రాసినాను నాన్నా" అని చెప్పుచు వచ్చెను. ఒకనాడు తెల్లవారి ఆరున్నరకు నా ఫోనులో సందేశము కనబడెను. అక్కడ అప్పుడు రాత్రి రెండు గంటలు.

అందులో నున్న మాటలలో కొన్ని మాత్రము వ్రాసెదను. "అయ్యగారూ, నేను తప్పినాను. నాన్నతో చెప్పకండి. మీరు ఆ రోజు బలిపీఠం దగ్గర అన్న మాట నాకు రోజూ వినపడుతున్నది. ఊరికి పేరు తెస్తానన్నారు. ఈ ముఖం పెట్టుకొని నేనెట్లా రావాలి?"

సహోదరులారా, నేను బోధకుడను. మాట నా వృత్తి. ఆశీర్వాదమనుకొని నేను పలికిన మాట ఆ బిడ్డ వీపున రాయిగా మారినది. మన గొప్పను వాని భుజము మీద పెట్టి సముద్రము దాటించితిమి. నేను వానిని దేవునికి అప్పగించితిననుకొంటిని గాని, నిజముగా మన యతిశయమునకు అప్పగించితిని. ఆ ఉదయము మొదట నేను మోకరించి నా నిమిత్తమే ప్రార్థించితిని.

వెంటనే వానికి ఫోను చేసితిని. "నాయనా, ప్రాణము తీసికొనవలెనను తలంపు నీకు వచ్చినదా?" అని సూటిగా అడిగితిని. ఈ ప్రశ్న అడుగుటకు అనేకులు భయపడుదురు. అడిగినచో లేని తలంపు పుట్టునేమో యని. అట్లు పుట్టదు. అడుగువాడొకడు ఉన్నాడని తెలిసినప్పుడే గుండెలోని బరువు కొంత దిగును. అతడు చాలసేపు మాటలాడక, "ఒకసారి వచ్చింది అయ్యగారూ" అనెను. అక్కడ తెల్లవారువరకు మాటలాడుచునే యుంటిమి. తెల్లవారిన తరువాత, విద్యార్థుల క్షేమము చూచు కార్యాలయమునకు వెళ్లి మాటలాడుమని చెప్పితిని, వెళ్లెను.

ఆ రాత్రి నేనతనితో చెప్పిన సంగతి యొకటి ఇప్పుడు మీతోను చెప్పవలెను. వేదాంత పాఠశాలలో మొదటి సంవత్సరము నేను గ్రీకు పరీక్ష తప్పితిని. ఈ ఊరికి వచ్చి ఇన్నేండ్లయినను ఎవరితోను చెప్పలేదు. "నిజమా అయ్యగారూ?" అని వాడడిగిన స్వరములో మొదటిసారిగా కొంచెము ప్రాణము వినబడెను. మనము దాచుకొన్న ఓటమి యొకని నోట మందుగా పనిచేయునని అప్పుడెరిగితిని.

వంటింటిలో నేర్చిన వ్యాకరణము

అతడు ఒక వృద్ధురాలైన విధవరాలి యింట గది అద్దెకు తీసికొని యుండెను. అక్కడి పెద్ద వయస్సు స్త్రీలు పడుచువారిని "ఈహో" అని పిలుతురు. ఆ మాటకు "కుమారుడా" అని యర్థము. మనవారు ఊరిలో ఎవరి బిడ్డనైనను "నాయనా" అని పిలిచినట్లే. అతడు దానిని వట్టి యలవాటుగానే ఎంచెను. ఆమె ప్రతిదినము వాని భాషలోని తప్పులను దిద్దుచుండెను.

ఫలితములు వచ్చిన మూడవనాటి రాత్రి అతడు భోజనమునకు రాలేదు. ఆమె తలుపు తట్టి వంటింటికి పిలిచి, పప్పుతో చేసిన వేడి పులుసువంటిది గిన్నెలో పోసి ముందు పెట్టెను. ఏమయినదని యడిగెను. అతనికి మాటలు రాలేదు. తనకు తెలిసినంతలో, "సోయ్ పెర్దిదో" అనెను. ఆమె గరిటె ప్రక్కన పెట్టి, "కాదు, ఈహో. సోయ్ కాదు. ఎస్తోయ్" అనెను.

ఇక్కడ కొంచెము వివరింపవలెను. ఇంగ్లీషులో "నేను ఫలానా" అని చెప్పుటకును, "నేను ఫలానా చోట ఉన్నాను" అని చెప్పుటకును ఒకే క్రియ. స్పానిష్ భాషలో రెండున్నవి. మనుష్యుడెవడో, ఎవరి బిడ్డో, ఎక్కడివాడో చెప్పుటకు "సోయ్" అందురు. అతడెక్కడ నున్నాడో, ఏ స్థితిలో నున్నాడో చెప్పుటకు "ఎస్తోయ్" అందురు. మన తెలుగులోను ఈ భేదమున్నది. "నేను రైతును" అందుము. అక్కడ క్రియయే అక్కరలేదు. "నేను పొలములో ఉన్నాను, జ్వరముతో ఉన్నాను" అందుము. జ్వరముతో ఉన్నవాడు జ్వరము కాడు గదా!

"సోయ్ పెర్దిదో" అనినచో, "నేను చెడిపోయినవాడను, నా స్వభావమే అది" అన్నట్లగును. "ఎస్తోయ్ పెర్దిదో" అనినచో, "దారి తప్పి యున్నాను" అని యర్థము. ఆ తల్లి వేదాంతము చెప్పలేదు. ప్రతిదినము దిద్దినట్లే వ్యాకరణము దిద్దెను. కాని ఆ బిడ్డ గిన్నె ముందు కూర్చుండి యేడ్చి, తరువాత పప్పు తినెను. మరునాడు నాకు ఈ సంగతి చెప్పి, "అయ్యగారూ, నేను తప్పినవాణ్ణి కాను. తప్పి ఉన్నాను. అంతేగా?" అనెను.

ప్రియులారా, మన భాషలోని ఈ మాటను చూడుడి. పరీక్షలో ఓడినవానిని "తప్పినాడు" అందుము. దారి విడిచినవానిని "తప్పినాడు" అందుము. ప్రభువు చెప్పిన ఉపమానములోని చిన్నవానిని "తప్పిపోయిన కుమారుడు" అందుము. ఆ పేరులో రెండు మాటలున్నవి. మనము మొదటి మాటను గట్టిగా పలికి, రెండవ మాటను మ్రింగివేయుదుము. తప్పిపోవుట వాని స్థితి. కుమారుడగుట వాని పుట్టుక. పందుల యొద్ద నున్నప్పుడును వాడు కుమారుడే.

తండ్రి వినని మాట

ఆ చిన్నవాడు దూరదేశమున ఒక ప్రసంగము సిద్ధపరచుకొనెను. అందులో మూడు భాగములున్నవి. మొదటిది, నేను పాపము చేసితిని. రెండవది, నీ కుమారుడననిపించుకొనుటకు నేను తగను. మూడవది, నన్ను నీ కూలివారిలో ఒకనిగా పెట్టుకొనుము. 18, 19 వచనములలో ఈ మూడును ఉన్నవి. 21వ వచనము చదివి చూడుడి. తండ్రి మెడమీద పడి ముద్దు పెట్టుకొనిన తరువాత వాడు రెండు భాగములే పలికెను. మూడవది పలుకక మునుపే తండ్రి దాసులను పిలిచి వస్త్రమును, ఉంగరమును, చెప్పులును తెమ్మనెను. పాపపు ఒప్పుకోలు తండ్రి వినెను, అది వినదగినదే. కాని "కూలివానిగా" అను మాట నోట రానియ్యలేదు. కుమారుడు తన స్థితిని చూచి తన పుట్టుకనే మార్చుకొనబోయెను. తండ్రి దానికి ఒప్పుకొనలేదు.

మనవాడు ఆ వారములోనే తండ్రికి ఫోను చేసి జరిగినదంతయు చెప్పెను. నేను చెప్పలేదు, తానే చెప్పుకొనెను. ఆ సాయంకాలము తండ్రి మా యింటి అరుగు మీదికి వచ్చి కూర్చుండెను. చాలసేపు పై గుడ్డతో ముఖము తుడుచుకొని, ఇట్లనెను:

"అయ్యగారూ, మావాడు తప్పినాడంట. తప్పితే తప్పినాడు. పురుగొచ్చిన ఏడు నా తోట మొత్తం పోలేదా? మళ్లీ ఏడు నారు పోయలేదా? అది కాదు నా బాధ. నాతో చెప్పటానికి భయపడ్డాడంట. మూడు రోజులు అన్నం తినలేదంట. నేనంత భయపెట్టే తండ్రినా అయ్యగారూ?"

నేనేమి చెప్పుదును? "నీవు కాదు పెద్దయ్యా, మేమందరము కలిసి భయపెట్టితిమి" అంటిని. ఇద్దరము ప్రార్థన చేసితిమి. లేచి పోవుచు ఆయన, "అప్పు సంగతి నేను చూసుకుంటా. వాణ్ణి మాత్రం వేళకి తినమని చెప్పండి" అనెను. నేను ఆ ఉపమానము మీద చేసిన ప్రసంగములన్నిటికంటె ఆ మాట గొప్పది.

తిరిగి మొదలుపెట్టుట

ఆ విశ్వవిద్యాలయములోనే పూర్వము లూయిస్ దె లియోన్ అను సన్యాసి వేదపాఠములు చెప్పెడివాడు. పరమగీతమును ప్రజల భాషయైన స్పానిష్ లోనికి మార్చెననియు, లాటిన్ అనువాదముకంటె హెబ్రీ మూలమునకు ఎక్కువ విలువ నిచ్చెననియు నేరము మోపి, 1572లో ఆయనను చెరలో వేసిరి. 1576లో విడుదలయై తిరిగి వచ్చినప్పుడు, నిన్నటి పాఠమును కొనసాగించినట్లే ఆయన మొదలుపెట్టెనని పరంపరగా చెప్పుకొందురు. ఆయన పాఠము చెప్పిన గదియు, మొద్దు చెక్కల బల్లలును నేటికిని అక్కడ ఉంచబడి యున్నవి. మనవాడు ఆ బల్లల యొద్ద నిలిచి, తానును మరల మొదలుపెట్టవలెనని తీర్మానించుకొనెను.

అతడు ఆదివారములలో ఒక చిన్న సువార్త సంఘమునకు వెళ్లుచుండెను. ఎక్వడోరునుండియు, దొమినికనునుండియు పనికి వచ్చినవారే అందులో ఎక్కువమంది, వారును పరదేశులే. వారి చేతిలోని స్పానిష్ బైబిలునకు వెల చెల్లింపబడినది. కసియోదోరో దె రేయినా సెవిల్యా సమీపమున మఠవాసియై యుండి, 1557లో ప్రాణభయముతో దేశము విడిచి పారిపోయి, పరదేశములలో తిరుగుచునే అనువాదము ముగించెను. అది 1569లో బాసెల్ నగరమున అచ్చుపడెను. అతని మఠవాసియే యైన సిప్రియానో దె వలేరా దానిని దిద్ది 1602లో మరల అచ్చువేయించెను. స్పానిష్ గ్రంథములను రహస్యముగా సెవిల్యాకు చేరవేసిన హులియాన్ ఎర్నాందెస్ 1560లో అక్కడ కాల్చబడెను. మనకును అట్టి ఋణమున్నది. 1805లో విశాఖపట్టణమునకు వచ్చిన క్రాన్, దె గ్రాంజ్ దొరలు, ఆనందరాయరు సహాయముతో సువార్తలను తెలుగు చేయ మొదలుపెట్టిరి. వారు ప్రయాసపడినది ఎందుకు? దేవుడు మనలను "కుమారుడా, కుమార్తె" అని పిలుచునప్పుడు ఆ పిలుపు మన వంటింటి భాషలో వినబడవలెనని కాదా?

మరియొక చిన్న సంగతి. స్పానిష్ వారును ప్రార్థనలో దేవుని "మీరు" అనక, మనవలెనే "నీవు" అని పిలుతురట. "ఆ రోజు కార్డు పేరులోని పరదేశి అన్న మాట మరిచిపోయినాను అయ్యగారూ" అని వ్రాసెను.

అక్కడ తప్పినవారికి రెండవ పరీక్ష యున్నది. అతడు మూడింటిలో రెండు కృతార్థుడై, మిగిలినది మరుసటి యేడు వ్రాసి, 2024లో చదువు ముగించెను. ప్రథమ శ్రేణి రాలేదు. అప్పు ఇంకను కొంత మిగిలియున్నది. ఇది జయగాథ కాదు. ఒక బిడ్డ బ్రతికియున్న సంగతి మాత్రమే. అది మనకు చాలును.

మన యింట, మన సంఘమున

తెలంగాణలో 2019 ఇంటర్మీడియట్ ఫలితముల తరువాత 20 మందికి పైగా పిల్లలు తమ ప్రాణములు తీసికొనిరి. వారిలో ప్రతివాడును ఒక యింటి బిడ్డ. వారెవ్వరును మార్కుల కాగితము కారు. కనుక ప్రియులారా, ఈ మాసమున మూడు పనులు చేయుదము.

మొదటిది, తలిదండ్రులారా, ఫలితములు రాకముందే మీ బిడ్డను దగ్గర కూర్చుండబెట్టుకొని, "ఏది వచ్చినను నీవు మా బిడ్డవే, వేళకు ఇంటికి రా, అన్నము తిను" అని నోటితో చెప్పుడి. మనసులో నున్నదిలే అనుకొనకుడి. ఆ సలమాంకా అవ్వ నోటితో పలికినందుననే ఆ బిడ్డకు వినబడెను.

రెండవది, ఇరుగుపొరుగువారలారా, "ఎన్ని మార్కులు?" అని మొదటి ప్రశ్నగా అడుగకుడి. ఉపమానములోని పెద్ద కుమారుడు తమ్ముని "నా తమ్ముడు" అనక "నీ కుమారుడు" అని తండ్రితో పలికెను. తండ్రి దానిని దిద్ది, "నీ తమ్ముడు" అనెను. అదియు వ్యాకరణ దోషమును దిద్దుటయే. ఊరిలో తప్పిన బిడ్డ ఎవరి బిడ్డయో కాదు, మన బిడ్డ.

మూడవది, పిల్లలారా, మీతో చెప్పుచున్నాను. మీకు భరింపరాని దినము వచ్చినచో ఒంటరిగా ఉండకుడి. అమ్మతో చెప్పుడి. చెప్పలేకపోయినచో నా తలుపు తట్టుడి. రాత్రి రెండు గంటలైనను తట్టుడి. గ్రీకు తప్పిన బోధకుడు తలుపు తీయును. మనమిప్పుడే దేవుని పిల్లలమనియు, ఇక ఏమగుదుమో అది ఇంకను కనబడలేదనియు యోహాను తన మొదటి పత్రిక 3వ అధ్యాయములో వ్రాసెను. ఏమగుదుమో తెలియకముందే ఎవరిమో తెలిసియున్నది. ఆ వరుస తారుమారు చేయకుడి.

మొన్న క్రిస్మసుకు ఆ కుమారుడు ఇంటికి వచ్చెను. ఈసారి నేనతనిని బలిపీఠము నొద్ద నిలువబెట్టలేదు. తానే లేచి, "నేను మూడు పరీక్షలు తప్పినాను" అని సాక్ష్యము ప్రారంభించెను. ఆరాధన ముగిసిన తరువాత ఇద్దరు తల్లులు తమ పిల్లలను తీసికొని అతని యొద్దకు వచ్చి నిలిచిరి. అతని తండ్రి మాత్రము వాకిట నిలిచి, "మాటలు తర్వాత, ముందు అన్నానికి రా" అని పిలుచుచుండెను.

ప్రార్థన: తండ్రీ, మా స్థితిని చూచి మా పేరు మరచిపోవువారము మేము. మేము దూరమున నున్నప్పుడే మమ్మును చూచి పరుగెత్తివచ్చు దేవుడవు నీవు. ఈ మాసమున భయపడుచున్న ప్రతి బిడ్డను నీ చేతిలో ఉంచుకొనుము. మా నోట బరువైన మాట రాకుండ కావలి యుంచుము. తప్పి యున్నవారిని ఇంటికి తెమ్ము. మా ప్రభువైన యేసుక్రీస్తు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.